చూరుకి జాలీ, తూముకి బుట్ట: ఆకుల గోల మీద మీ ప్రశ్నలు

మృగశిర కార్తె దగ్గర పడుతోంది, ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఆకుల గురించే. గట్టర్ నిండింది, తూము పూడింది, పైపులో ఏదో ఇరుక్కుంది, చవగ్గా మనమే ఏదైనా జాలీ వేసుకోవచ్చా అని. వేసుకోవచ్చు. కాకపోతే జాలీ వేసేశాం కదా, ఇక పైకి చూడక్కర్లేదు అనుకునేవాళ్లు మాత్రం డబ్బు దండగ చేసుకోకండి. పైపులో చెయ్యి దూరని చోట కుళ్లే చెత్తని చీపురు అందే చోట ఆపుతుంది, జాలీ చేసేది అంతే. ఊడ్చే పని ఎప్పటిలాగే మీదే.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేటలో పాత పెంకుటిల్లు. వరండా చూరుకి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) రేకు గట్టర్ ఉంది, 40 అడుగుల దాకా ఉంటుంది. పక్కనే పెద్ద వేపచెట్టు. వాన మొదలైతే చాలు, గట్టర్ నిండి నీళ్లు వెనక్కి తన్ని వాసాల మీదికి కారుతున్నాయి. ఆన్‌లైన్‌లో లీఫ్ గార్డులు చూస్తే ఖరీదు ఎక్కువ, సైజులు కూడా మన గట్టర్‌కి సరిపోయేలా లేవు. కిటికీలకి వేయించగా మిగిలిన దోమల జాలీ ఉంది, అదే పరిచేద్దాం అంటున్నారు మావారు. పరవచ్చా అండీ?

జవాబు: దోమల జాలీ వద్దమ్మా. ఆ సన్నటి కన్నాల్లో నీళ్లు పొరలా పట్టుకుని ఉండిపోతాయి, దాని మీద దుమ్ము, వేపపువ్వు పడి మడ్డి కడుతుంది, ఇక పెంకుల మీంచి వచ్చే నీళ్లు గట్టర్లోకి దిగకుండా జాలీ మీంచే జారి వాకిట్లో పడతాయి. గట్టర్ ఉండీ లేనట్టే. పైగా నైలాన్ జాలీ అయితే మన ఎండకి పెళుసెక్కి, చేత్తో లాగితే చిరిగిపోతుంది.

ఏ గడి జాలీ తీసుకోవాలో చెట్టుని చూసి నిర్ణయించుకోవాలి. వేపచెట్టుతో ఇబ్బంది ఏమిటంటే అది ఏడాదిలో మూడుసార్లు రాలుస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు, ఉగాది వేళకి పువ్వు, సరిగ్గా వానలు మొదలయ్యే జూన్, జూలైలలో పండు. నన్నడిగితే ఆకు కంటే పండుతోనే పెద్ద తంటా, ఎందుకంటే అది గట్టర్ అడుగు బురదలో పడి మొలకెత్తుతుంది, ఆ వేళ్లు రేకు అతుకుల్లోకి దూరి అక్కడి నుంచి లీకులు మొదలవుతాయి. అర అంగుళం గడి జాలీలోంచి వేపపండు సులువుగా దిగిపోతుంది. అందుకని మీరు పావు అంగుళం గడి జీఐ వెల్డ్ మెష్, అంటే తీగలు అతికి చేసిన గళ్ల జాలీ, తీసుకోండి. పట్నంబజారు వైపు హార్డ్‌వేర్ షాపుల్లో పావంగుళం జాలీ అంటే చుట్టలోంచి కోసి ఇస్తారు. స్టీలు జాలీ అయితే తుప్పు పట్టదు, అదే తీసుకోమని షాపులో అంటారు. జాలీ తుప్పు పట్టదు, నిజమే, కానీ జీఐ రేకుకి ఆనుకుని ఎప్పుడూ తడిగా ఉంటే రేకు మీద జింకు పూత తొందరగా పోతుంది. జీఐకి జీఐ జాలీయే మేలు.

ఎంత కొనాలో లెక్క చెప్తాను, షాపుకి వెళ్లే ముందు గట్టర్ వెడల్పు ఒకసారి టేపుతో కొలుచుకోండి. 6 అంగుళాలు ఉందనుకుందాం. అటూ ఇటూ మడతలు కలిపి 8 అంగుళాల పట్టీ కావాలి. 4 అడుగుల వెడల్పు చుట్ట అయితే అందులో 6 పట్టీలు వస్తాయి, అంటే 7 అడుగులు కోయించుకుంటే 42 అడుగుల పట్టీ తయారు, మీకు సరిపోతుంది. 3 అడుగుల చుట్టే దొరికితే 4 పట్టీలే వస్తాయి, 11 అడుగులు తీసుకోండి.

బిగించే ముందు గట్టర్ అంతా కడిగేయాలి, లేకపోతే చెత్త మీద మూత పెట్టినట్టే. రేకు కత్తెరతో పట్టీలు కోసి, బయటి వైపు ఒక అంగుళం కిందకి మడిచి గట్టర్ అంచు మీద తగిలించండి. లోపలి వైపు చివరి వరస పెంకుల కిందకి దూర్చండి, పెంకు మాత్రం లేవకూడదు, లేస్తే గాలివానకి నీళ్లు ఆ సందులోంచి లోపలికి కొడతాయి. జాలీ చదునుగా కాకుండా బయటికి వాలుగా ఉండేలా చూసుకోండి, ఎండిన ఆకు గాలికి దానంతటదే జారి కింద పడుతుంది. క్లాంపు ఉన్న ప్రతిచోటా బైండింగ్ వైరుతో కట్టండి. ఒక పట్టీ మీదికి ఇంకో పట్టీ 2 అంగుళాలు ఎక్కాలి. పైపు మూతి ఉన్న చోట మాత్రం అడుగు పొడవు ముక్క విడిగా పెట్టి వదులుగా కట్టుకోండి, ఎప్పుడైనా విప్పి చెయ్యి పెట్టి చూడాలంటే మొత్తం పీకక్కర్లేదు. కోసిన తీగ చివరలు బ్లేడులా ఉంటాయి, తోలు గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

వాన పడగానే చూస్తే జాలీ నిండా ఆకు అతుక్కుని కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. ఆరనిచ్చి, బూజుకర్రతో కింద నుంచే దులిపేస్తే పోతుంది.

ప్రశ్న: నమస్తే సార్. విజయవాడ సత్యనారాయణపురంలో మాది డాబా ఇల్లు, చూరు గట్టర్లు లేవు, నాలుగంగుళాల తూములు రెండున్నాయి. తూముల మీద గుండ్రటి స్టీలు జాలీలు బిగించి ఉన్నాయి. వీధిలోని బాదం చెట్టు ఆకులు డాబా మీదికే వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో పడిన వానకి డాబా మీద పాదం మునిగేలా నీళ్లు నిలిచాయి, తర్వాత హాల్లో సీలింగు చెమ్మ పట్టింది. ఇంకా చిన్న కన్నాల జాలీ వేస్తే ఆగుతుందా?

జవాబు: ఇంకా చిన్న కన్నాలు వేస్తే ఇంకా తొందరగా మూసుకుపోతుంది అండీ. తూము మీద ఉన్న చదును జాలీ నాలుగంగుళాలు, బాదం ఆకు జానెడు. ఒక్క ఆకు తడిసి దాని మీద పడుకుంటే చాలు, పైనున్న నీటి బరువే ఆ ఆకుని జాలీకి అదిమి పెడుతుంది. మీకు కన్నం సైజుతో పని లేదు, జాలీ ఎత్తుతో పని.

తూము మీద బుట్టలా నిలబడే జాలీ చేసుకోండి. అర అంగుళం గడి వెల్డ్ మెష్, 27 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు ముక్క ఒకటి. దాన్ని గుండ్రంగా చుట్టి, 2 అంగుళాలు ఒకదాని మీదికొకటి ఎక్కించి బైండింగ్ వైరుతో కుట్టేస్తే 8 అంగుళాల వ్యాసం గొట్టం తయారవుతుంది. పై అంచు రెండంగుళాలు కత్తిరింపులు పెట్టి లోపలికి మడవండి, మధ్యలో మిగిలిన ఖాళీకి చిన్న ముక్క కట్టండి. కింది అంచు కూడా అలాగే కత్తిరించి బయటికి మడవండి, ఆ మడతల మీద రెండు మూడు ఇటుక ముక్కలు పెడితే గాలికి కదలదు. సిమెంటు పెట్టి బిగించొద్దు, ఎత్తి శుభ్రం చేయాల్సిన వస్తువు అది. ఆకులు బుట్ట చుట్టూ అడుగున పేరుకున్నా, వాటి పైనుండే జాలీలోంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి. బుట్ట పెట్టాక లోపలున్న పాత చదును జాలీ తీసేయండి, రెండో అడ్డం ఎందుకు.

అంత ఓపిక లేకపోతే కన్నాలున్న పాత ప్లాస్టిక్ బుట్ట బోర్లించి పైన ఇటుక పెట్టండి, ఈ వానాకాలానికి గడిచిపోతుంది. రెండేళ్లు ఎండలో ఉంటే అది పొడైపోయి ఆ ముక్కలే పైపులో పడతాయి, అది గుర్తుంచుకోండి.

ఇంకొక్క పని తప్పకుండా చేయించండి. పిట్టగోడకి, డాబా నేల నుంచి 2 అంగుళాల ఎత్తులో, రెండు చోట్ల అడ్డంగా పైపు ముక్కలు పెట్టించి బయటికి వదలండి. తూము పూడినా నీళ్లు ఆ పైపుల ఎత్తు దాకా వచ్చి బయటికి దూకుతాయి, వాకిట్లో నీళ్లు పడుతుంటే పైన ఏదో పూడిందని మీకూ తెలుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే 2,300 లీటర్లకు పైమాట, అంటే రెండు టన్నులు దాటిన బరువు. పాత స్లాబు మీద దాన్ని రాత్రంతా మోయించడం ఎందుకు చెప్పండి. ఇదంతా పైనుంచి పడే వాన సంగతి, బుడమేరు వాగు లాంటిది పొంగి వీధిలోంచి వస్తే తూములేం చేస్తాయి పాపం.

సీలింగు చెమ్మ విషయం ఈ బుట్టతో తీరదు. తూము మెడ చుట్టూ గచ్చు పగిలి ఉండొచ్చు, ఎండ ఉన్నప్పుడే చూపించండి.

ప్రశ్న: అన్నా, నేను పటమటలో ఉంటాను. గట్టర్లో పెట్టే స్పాంజి, బాటిల్ బ్రష్ లాంటి పొడుగు బ్రష్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కోయక్కర్లేదు, కట్టక్కర్లేదు, అలా పెట్టేస్తే చాలట. తీసుకోనా?

జవాబు: వద్దు తమ్ముడూ. పెట్టడం సులువే, తీసి శుభ్రం చేసే రోజు తెలుస్తుంది దాని అసలు రంగు. బ్రష్ కుచ్చుల్లో ఈనెలు, పుల్లలు చిక్కుకుంటే ఒక్కోటీ చేత్తో లాగాలి. స్పాంజి అయితే దుమ్ము పీల్చి మట్టిదిమ్మ అయిపోతుంది, తడి ఎలాగూ ఉంటుంది, రావి గింజ ఒకటి పడితే ఇక చెప్పేదేముంది. ఆ డబ్బుకి జాలీ, రేకు కత్తెర రెండూ వస్తాయేమో కనుక్కో.

ప్రశ్న: మా ఇంటి మీదికి చింతచెట్టు ఉంది. ఏ జాలీ వేసినా చింతాకు కిందకి దిగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: గట్టర్ పొడవునా జాలీ వేయడం మానేయండి. చింతాకుని ఆపేంత సన్నటి జాలీ వేస్తే నీళ్లూ దిగవు, పైన చెప్పిన దోమల జాలీ కథే. తురాయి చెట్టుదీ ఇదే తీరు. పైపు మూతి దగ్గర మాత్రం కోడి జాలీ ముక్కని ఉల్లిపాయలా ఉండ చేసి, సగం మూతిలోకి, సగం పైకి ఉండేలా కూర్చోబెట్టి, ఒక తీగతో క్లాంపుకి కట్టేయండి. కట్టకపోతే అది పైపులోకి జారి అదే అడ్డం పడుతుంది. చెట్టు కాయలు, పుల్లలు అక్కడ ఆగుతాయి, సన్నాకు చాలావరకు నీళ్లతో పాటు పోతుంది, పోనివ్వండి. మిగిలింది వానాకాలంలో పదిహేను రోజులకోసారి చేత్తో తీసుకోవడమే, దీనికి దగ్గరి దారి లేదు.

ప్రశ్న: పైపు ఇప్పటికే పూడిపోయింది. డాబా నుంచి కింద దాకా గోడలోపల వెళ్లిన నాలుగంగుళాల పీవీసీ పైపు. ప్లంబరు గోడ పగలగొట్టాలంటున్నాడు, మా బావగారు యాసిడ్ పోస్తే కరిగిపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి? (కృష్ణలంక)

జవాబు: ఇద్దరి మాటా వినొద్దు, ముఖ్యంగా బావగారిది. యాసిడ్‌కి ఆకులు, పుల్లలు కరగవు, అది కింద మూలలో నిలబడి ఉంటుంది, తర్వాత పైపు విప్పే మనిషి మొహాన చిమ్ముతుంది.

ఆకుచెత్త ఎక్కువగా పైపు నిలువునా కాకుండా కింద వంపులోనే ఇరుక్కుంటుంది. కాబట్టి కింద నుంచి మొదలుపెట్టాలి. పైపు గోడలోంచి బయటికొచ్చే చోట డోర్ బెండ్ ఉందేమో చూడండి, మూత ఉన్న వంపు అన్నమాట. ఉంటే ఆ మూత విప్పి, తోట నీళ్ల పైపుని కింద నుంచి పైకి తోస్తూ కొట్టండి. విప్పేటప్పుడు ఎదురుగా నిలబడకండి, ఒక అంతస్తు ఎత్తు నీళ్లు పైన కాచుకుని ఉంటాయి. లేకపోతే ఆ చివరి బెండ్ ఒక్కటి కోయించి, దాని స్థానంలో డోర్ బెండ్ వేయించండి, గోడ జోలికి పోనక్కర్లేదు. దీనికీ లొంగకపోతే పొడవాటి స్ప్రింగు తీగ ఉన్న మనిషిని పిలవండి. గోడ పగలగొట్టడం ఆఖరి మాట. తెరుచుకున్న రోజే పైన బుట్ట పెట్టండి, రేపు చూద్దాం అంటే మళ్లీ ఇదే ప్రశ్న రాస్తారు.

ప్రశ్న: గొల్లపూడి దగ్గర మాకు పాత సిమెంటు రేకుల షెడ్డు ఉంది, ముందు పీవీసీ గట్టర్. జాలీ కదలకుండా రేకుకే డ్రిల్లుతో స్క్రూలు కొడదామని అనుకుంటున్నాను. ఏ సైజు స్క్రూ అయితే బాగుంటుంది?

జవాబు: ఏ సైజూ బాగుండదండీ. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, డ్రిల్లు పెట్టినా రంపం పెట్టినా ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది పోయేది కాదు. పైగా కొత్తగా కొట్టిన ప్రతి కన్నం ఒక లీకు. జాలీని గట్టర్‌కే కట్టుకోండి, నల్ల రంగు కేబుల్ టైలతో. తెల్లవి కొనొద్దు, ఎండకి విరిగిపోతాయి. పీవీసీ ఎండకి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, అందుకని మరీ బిగించి కట్టకుండా కాస్త ఆట వదలండి.

అసలు భయం ఇంకోటి ఉంది. ఆ రేకు మీద కాలు పెట్టొద్దు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మనిషి బరువుకి చెప్పకుండా విరుగుతుంది. నిచ్చెన వేసుకుని, కింద ఒక మనిషి పట్టుకుని ఉండగా, చేయి అందినంత మేరే పని చేసి నిచ్చెన జరుపుకోండి. ఇంకా ముందు చూడాల్సింది కరెంటు సర్వీసు వైరు. మన ఇళ్లలో చాలావాటికి స్తంభం నుంచి ఆ వైరు సరిగ్గా చూరు మూలకే వస్తుంది, మీ చేతిలో ఉండేది ఏడడుగుల ఇనప జాలీ, కాలి కింద అల్యూమినియం నిచ్చెన. వైరు దగ్గరి ముక్కకి లైన్‌మన్‌ని పిలిచి సప్లై ఆపించి గానీ వెళ్లొద్దు. గట్టర్లో చెయ్యి పెట్టే ముందు పుల్లతో కదపండి, ఎండిన ఆకు కింద తేళ్లు, జెర్రులు ఉంటాయి.

ప్రశ్న: జాలీ వేశాక గట్టర్లో నీళ్లు నిలుస్తున్నాయి, దోమపిల్లలు కనిపిస్తున్నాయి. జాలీ వల్లేనా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: జాలీ వల్ల కాదు, వాలు లేక. ఇన్నాళ్లూ అడుగున ఉన్న తడి మట్టి బరువుకి మధ్యలో క్లాంపులు కుంగి ఉంటాయి, చెత్త తీశాక ఆ గుంట ఇప్పుడు బయటపడింది. పైపు వైపుకి ప్రతి 10 అడుగులకి పావు అంగుళం అయినా వాలు ఉండాలి. దూరపు చివర ఒక చెంబు నీళ్లు పోసి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడి క్లాంపు పైకెత్తి బిగించాలి. ఆలస్యం చేయకండి, డెంగీ దోమకి కావలసింది ఇలాంటి నిలవ నీళ్లే, గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని కుండీలు, డ్రమ్ములు బోర్లిస్తాం గానీ గట్టర్ వైపు ఎవరూ తలెత్తి చూడరు.

ప్రశ్న: మొగల్రాజపురం కొండ పక్కన ఉంటాం. జాలీ వేసిన వారానికే కోతులు పీకేశాయి. ఇంకో ప్రశ్న కూడా, మా డాబా రెండు సెంట్లు, ఈ నీళ్లని ఇంకుడు గుంతకి వదిలితే ఏమైనా ప్రయోజనం ఉంటుందా?

జవాబు: కోతికి అంచు దొరికితే పీకుతుంది. కోసిన అంచులన్నీ లోపలికి మడిచేసి, అడుక్కో కట్టు కట్టండి, కేబుల్ టైలు కాకుండా బైండింగ్ వైరు రెండు పేటలుగా. అయినా పీకితే పైపు మూతి దగ్గర, చింతచెట్టు జవాబులో చెప్పిన కోడి జాలీ ఉండతో సరిపెట్టుకోండి, కోతులతో పంతాలకి పోలేం.

రెండో దానికి ప్రయోజనం చాలా ఉంది. రెండు సెంట్లంటే 81 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, అంటే ఒక సెంటీమీటరు వానకి మీ డాబా మీద 810 లీటర్లు. 10 సెంటీమీటర్లు పడిన రోజు 8 వేల లీటర్ల పైన. ఆకు మాత్రం గుంతలోకి పోకూడదు, పోతే కుళ్లి ఇసుక పొర మూసుకుపోతుంది, ఆ తర్వాత గుంత తవ్వించి కడిగించాలి, దాని ఖర్చు ముందు జాలీ ఖర్చు ఏ పాటి. తూముకి బుట్ట, గుంత ముందు చిన్న తొట్టి కట్టి దానికింకో జాలీ. మొదటి వాన నీళ్లు డాబా మురికంతా తెస్తాయి కాబట్టి వాటిని బయటికే వదిలేయండి.

ప్రశ్న: చెట్టు పక్కింటివాళ్లది, ఆకులు మా గట్టర్లోకి. అడిగితే గొడవవుతుందేమోనని భయం. ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకుంటే సరిపోతుంది?

జవాబు: ఏడాదికి రెండుసార్లు ఖాయంగా. ఒకటి మే ఆఖరులో, తొలకరికి ముందు. రెండోది సెప్టెంబరు నెలాఖరు, ఎందుకంటే మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశాం కదా, ఆ గాలికి రాలేది ఎండుటాకు కాదు, కొమ్మలతో సహా పచ్చిదే, అది జాలీ మీద దుప్పటిలా పడుకుంటుంది. అందుకని తుపాను హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్నే ఒకసారి, వెలిసిన మర్నాడు ఒకసారి బూజుకర్ర తిప్పండి.

ఇక పక్కింటివాళ్ల సంగతి. చెట్టు కొట్టేయమని అడక్కండి, మే నెలలో మధ్యాహ్నం ఆ నీడలో మీరూ ఉంటున్నారు. మీ చూరు మీదికి వాలిన కొమ్మ ఒక్కటి వానలకి ముందు కొట్టించుకుంటాం, కూలి మేమే ఇస్తాం అని చెప్పి చూడండి. కూలి మీరిస్తామంటే కాదనేవాళ్లు తక్కువ. కొట్టే మనిషి నిచ్చెనతో ఎలాగూ పైకెక్కుతాడు, గట్టర్లో చెత్త కూడా అతని చేతే తీయించేసుకోండి.